అరవై గారికి ఒక నమస్కారం

పాపకు భిన్నాలు చెబుతూ కూర్చుంటే పాఠం కాస్తా నాకే పట్టుకుంది. గంటలో మూడో వంతు, నాలుగో వంతు, ఐదో వంతు, ఆరో వంతు... ఏది అడిగినా నిమిషాలు తెగకుండా వస్తున్నాయి. 1 నుంచి 6 వరకు అన్ని సంఖ్యలూ నిశ్శేషంగా భాగించే అతి చిన్న సంఖ్య 60 మరి! ఏడు దగ్గర మాత్రం మొరాయిస్తుంది.

పాప నిద్రపోయాక నా పని మొదలైంది. బాబిలోనియా వాళ్లు లెక్కలు కట్టింది 60 ఆధారంగానే. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న వాళ్ల మట్టిపలక ఒకదాని మీద చతురస్రం, దాని కర్ణం వెంట 1, 24, 51, 10 అని గుర్తులు ఉన్నాయి. కాలిక్యులేటర్ తీశాను. ఒకటికి 24ను 60తో, 51ని 3,600తో, 10ని 2,16,000తో భాగించి కలిపితే 1.414212 దాటింది. రెండుకు వర్గమూలం! భుజం ఒకటైతే చతురస్రం కర్ణం సరిగ్గా అంతే మరి. ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోయింది. ఆ పలక వయసు మూడున్నర వేల ఏళ్ల పైమాటే. నేనైతే కాసేపు నోరు తెరుచుకుని ఉండిపోయాను.

మన పంచాంగానికీ ఈయనే పెద్ద దిక్కు: రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు, ప్రభవ నుంచి అక్షయ దాకా 60 సంవత్సరాలు. చైనా కాలచక్రమూ అరవయ్యే.

ఫ్రాన్స్ విప్లవకారులు 1793లో గంటకు 100 నిమిషాలు, రోజుకు 10 గంటలు అని చట్టం చేశారు. రాజును దించగలిగారు గానీ అరవైని దించలేకపోయారు. 1795లోనే వెనక్కి తగ్గారు.