కోరల్ రంగు పోతోందా? ఏ వైపు పోతోందో ముందు చూడండి

రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్ళలో బతికున్న కోరల్స్, అంటే పగడపు జీవుల్ని పెంచే అక్వేరియం) పెట్టుకున్న వాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే, "కోరల్ రంగు పోయింది, ఏం వేయాలి?" అని. ఆ "ఏం వేయాలి" వింటేనే నాకు గుబులు. రంగు పోవడం అనేది ఒక్క జబ్బు కాదు కదా, బ్రౌన్‌లోకి తిరగడం వేరు, పాలిపోవడం వేరు, చర్మం ఊడిపోయి తెల్లటి స్కెలిటన్ బయటపడడం వేరు, ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి చేస్తే ఉన్న కోరల్ కూడా దక్కదు. ఫాస్ఫేట్ లాగేసే మీడియా (ఫిల్టర్‌లో పెట్టే గుళికలు) బ్రౌన్ అయిన ఆక్రోపోరాకి (కొమ్మల్లా పెరిగే ఒక కోరల్) మేలు చేయొచ్చు, అదే మీడియా పాలిపోయిన ఆక్రోపోరా ఉన్న ట్యాంక్‌లో పెడితే దాని నోటి దగ్గర కూడు తీసేసినట్టే. అందుకే ఏ బాటిల్ మూతా తియ్యకముందు కాసేపు ట్యాంక్ ముందు కూర్చుని చూడండి.

కోరల్‌కి రంగు ఎక్కడ్నించి వస్తుందో తెలిస్తే సగం అయోమయం తీరిపోతుంది. దాని టిష్యూ లోపల జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది, వెలుతురుతో ఆహారం తయారుచేసి కోరల్‌కి పెడుతుంది, దాని రంగు బ్రౌన్. దానికి తోడు కోరల్ సొంతంగా తయారుచేసుకునే పిగ్మెంట్లు ఉంటాయి, నీలం లైటు పడితే మెరిసే ఆకుపచ్చ, ఎరుపు ఫ్లోరెసెంట్ ప్రోటీన్లు కొన్ని, మెరవకుండా వెలుతురుని పీల్చుకునే నీలం, ఊదా, గులాబీ క్రోమోప్రోటీన్లు కొన్ని. మనకి కనిపించేది ఈ రెండూ కలిసిన రంగు. ఆల్గే పెరిగితే బ్రౌన్ ముందుకొచ్చి మిగతా రంగుల్ని కప్పేస్తుంది, ఆల్గే తగ్గితే రంగులు లేతబడతాయి, ఆల్గే మొత్తం వెళ్ళిపోతే పారదర్శకమైన చర్మం కింద తెల్ల స్కెలిటన్ కనిపిస్తుంది, అదే బ్లీచింగ్.

బ్రౌన్ సంగతి త్వరగా చెప్పేస్తా, ఎందుకంటే ఇది అన్నిటికంటే తక్కువ ప్రమాదం. నీళ్ళలో నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కువైనా, వెలుతురు చాలకపోయినా ఆల్గే సంఖ్య పెరుగుతుంది. కొత్తగా తెచ్చిన ఫ్రాగ్ (కోసి అమ్మే చిన్న కోరల్ ముక్క) బ్రౌన్ అవడం మామూలే, అది వేరే లైటు కింద పెరిగింది, ప్రయాణం చేసింది, కుదురుకోడానికి టైం పడుతుంది. పాలిప్స్ (కోరల్ మీద పువ్వుల్లా విచ్చుకునే చిన్న చిన్న నోళ్ళు) బయటికి వస్తున్నాయా, కొమ్మల చివర పెరుగుదల ఉందా చూడండి, రెండూ ఉంటే అది బతికే కోరల్. ఫాస్ఫేట్ 0.2 పిపిఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాటి, నైట్రేట్ 30 దాటి ఉంటే మెల్లగా దించండి, మెల్లగా అని ఎందుకంటున్నానంటే ఎక్కువ జీఎఫ్ఓ (ఫాస్ఫేట్ లాగేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు) ఒకేసారి పెట్టి ఫాస్ఫేట్‌ని ఒక్కరోజులో కిందకి లాగితే బ్రౌన్‌గా అయినా హాయిగా ఉన్న కోరల్ కాస్తా చర్మం వదిలేయడం మొదలుపెడుతుంది. పైగా రాళ్ళు, ఇసుక ఫాస్ఫేట్‌ని పట్టి ఉంచుకుంటాయి, నీళ్ళలో తగ్గగానే మళ్ళీ వదుల్తాయి, అందుకే ఇవాళ తగ్గిన నంబర్ వారానికల్లా మళ్ళీ పైకొస్తుంది, మీడియా పనిచేయట్లేదని ఇంకా పెంచేయకండి.

పాలిపోవడం గురించే నాకు ఎక్కువ బాధ. ఈమధ్య చాలా ట్యాంక్‌లు అతిశుభ్రంగా ఉంటున్నాయి, పెద్ద స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం), రెఫ్యూజియం (నాచు పెంచి న్యూట్రియెంట్స్ తగ్గించే అర), కార్బన్ డోసింగ్ (నైట్రేట్, ఫాస్ఫేట్ తినే బ్యాక్టీరియాకి తిండి పోయడం), జీఎఫ్ఓ అన్నీ కలిపి నడుస్తుంటాయి, టెస్ట్ చేస్తే నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా, ఓనర్‌కి ఆనందం, కోరల్‌కి పస్తు. సముద్రంలో రీఫ్ దగ్గర నీళ్ళలో న్యూట్రియెంట్స్ చాలా తక్కువే, నిజమే, కానీ అక్కడ ప్రవాహంలో ప్లాంక్టన్, చేపల విసర్జన వస్తూనే ఉంటాయి, మన గాజు పెట్టెలో అలా రావు. అందులోనూ నైట్రేట్ ఉండి ఫాస్ఫేట్ మాత్రం లేకపోవడం మరీ చెడ్డది. సౌతాంప్టన్ యూనివర్సిటీలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో నేచర్ క్లైమేట్ చేంజ్ అనే జర్నల్లో ప్రచురించిన పనిలో ఇదే చూపించారు, నైట్రోజన్ దండిగా ఉండి ఫాస్ఫేట్ కొరత ఉంటే లోపలి ఆల్గే పెరుగుతూనే ఆకలితో ఉంటుంది, అప్పుడు వేడికీ వెలుతురుకీ కోరల్ తొందరగా బ్లీచ్ అవుతుంది అని. కాబట్టి నైట్రేట్ 10, ఫాస్ఫేట్ 0.00 అని రిపోర్ట్ వస్తే అది మెచ్చుకోవాల్సిన రిపోర్ట్ కాదు. సుమారుగా నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండనివ్వండి. సున్నా దగ్గర పడి ఉన్న ట్యాంక్‌లో డైనోఫ్లాజెలేట్స్ అనే జిగురు జిగురు బ్రౌన్ పొర కూడా పట్టుకుంటుంది, దాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు.

అంత తక్కువ ఫాస్ఫేట్‌ని చుక్కల కిట్‌లో రంగు పోల్చి చదవడం కళ్ళకి అయ్యే పని కాదు, హాన్నా అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్ చెకర్ లాంటిది పనికొస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, అది చూపించేది ఫాస్ఫరస్, పిపిబిలో (పిపిఎంలో వెయ్యో వంతు), దాన్ని 3.066తో గుణిస్తేనే ఫాస్ఫేట్, అంటే స్క్రీన్ మీద 10 వస్తే ఫాస్ఫేట్ దాదాపు 0.03 పిపిఎం. ఆ లెక్క వదిలేసి స్క్రీన్ నంబరే ఫాస్ఫేట్ అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

అయితే పాలిపోయిన ప్రతిదీ ఆకలి కాదు, లైటు ఎక్కువైనా పాలిపోతుంది. నేను చూసే పద్ధతి ఏంటంటే, కొమ్మ పైవైపు మాత్రమే లేతగా ఉండి నీడపడే కిందవైపు రంగు మామూలుగా ఉంటే లైటుని అనుమానిస్తాను, పైనా కిందా ఒకేలా వెలిసిపోతే నీళ్ళని అనుమానిస్తాను. కొత్త ఎల్ఈడీ పెట్టినా, పాత లైటే పైకి కిందకి జరిపినా కోరల్‌కి అదో పెద్ద మార్పు. ఆక్రోపోరా లాంటి ఎస్పీఎస్‌కి (చిన్న పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) 200 నుంచి 400 పార్ (కోరల్ వాడుకోగల వెలుతురు కొలత) దాకా ఇవ్వొచ్చు, ఎల్పీఎస్‌కి (పెద్ద పాలిప్స్ ఉండే గట్టి కోరల్స్) 50 నుంచి 150 మధ్య సరిపోతుంది, కానీ ఏదైనా వారాల మీద పెంచాలి గానీ ఒక్క రోజులో కాదు. పార్ మీటర్ సొంతానికి కొనక్కర్లేదు, అరువు తెచ్చుకుని ఒక్కసారి ట్యాంక్ అంతా కొలుచుకున్నా చాలు.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. కొన్నిసార్లు కోరల్ పాలిపోతూ పాలిపోతూ మధ్యలో ఎప్పుడూ లేనంత అందంగా కనిపిస్తుంది, లేత నీలం, మెరిసే గులాబీ, ఇంట్లో అందరూ అబ్బ ఎంత బాగుందో అంటారు. అదే సౌతాంప్టన్ పరిశోధకులు 2020లో కరెంట్ బయాలజీలో దీనికి కారణం వివరించారు, ఆల్గే వెళ్ళిపోయాక తెల్ల స్కెలిటన్ మీద పడి వెనక్కి తిరిగే వెలుతురు టిష్యూలో ఎక్కువైపోతుంది, ఆ నీలి వెలుతురు నుంచి కాపాడుకోడానికే కోరల్ పిగ్మెంట్లని విపరీతంగా తయారుచేస్తుంది, ఆ నీడలో ఆల్గే మళ్ళీ వచ్చి చేరొచ్చు కూడా. అంటే ఆ మెరుపు కొన్నిసార్లు ప్రాణం కాపాడుకునే ప్రయత్నం. కాబట్టి మెరుస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి, రంగుతో పాటు టిష్యూ నిండుగా ఉందా, పల్చబడి లోపలి గీతలు కనిపిస్తున్నాయా అని కూడా చూడండి.

ఇక తెలుపు. ముందు తేల్చుకోవాల్సింది చర్మం ఉందా లేదా. పాలిప్స్ కనిపిస్తూ తెల్లగా ఉంటే బ్లీచింగ్, అంటే ఇంకా బతికే ఉంది, లైటు తగ్గించి, వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య కుదురుగా పెట్టి, కొంచెం కొంచెం తిండి పెడితే కోలుకోవచ్చు. చర్మమే ఊడిపోయి ఒట్టి స్కెలిటన్ మిగిలితే అది టిష్యూ లాస్, కింద మొదట్నుంచి మెల్లగా పైకి పాకితే ఎస్టీఎన్ (స్లో టిష్యూ నెక్రోసిస్), రాత్రికి రాత్రి పీలికలుగా ఊడితే ఆర్టీఎన్ (రాపిడ్ టిష్యూ నెక్రోసిస్). ఆర్టీఎన్ మొదలైతే ఆలోచిస్తూ కూర్చోకుండా బాగున్న కొమ్మల్ని చర్మం ఊడుతున్న గీత దాటి పైకి కోసి వేరే చోట పెట్టేయడమే, తల్లి కాలనీ పోయినా ముక్క మిగుల్తుంది. ఆక్రోపోరా కొమ్మల కొనలు తెల్లగా ఉండడం చూసి మాత్రం భయపడకండి, పెరిగే కొన లేతగానే ఉంటుంది. ఆ కొన మీద చర్మం మాడినట్టయి స్కెలిటన్ బయటపడితేనే కంగారు పడాలి, ఎక్కువ ఆల్క్ (ఆల్కలినిటీ, నీళ్ళలో కార్బొనేట్ ఎంతుందో చెప్పే కొలత), తక్కువ న్యూట్రియెంట్స్ కలిసిన ట్యాంక్‌లో అలా అవుతుంది.

ఆల్క్ దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. నా దృష్టిలో కోరల్ ఆరోగ్యం గురించి రంగు చెప్పే కబురు ఆలస్యంగా వస్తుంది, ఆల్క్ వాడకం ముందు చెప్తుంది. స్కెలిటన్ కట్టుకోడానికి కోరల్ రోజూ కార్బొనేట్, కాల్షియం వాడుకుంటుంది, సుమారు 2.8 డికెహెచ్ (ఆల్క్ కొలిచే యూనిట్) ఆల్క్ తగ్గితే కాల్షియం 20 పిపిఎం తగ్గుతుంది. లెక్క చూడండి, 8 డికెహెచ్‌లో 2.8 అంటే మూడో వంతు, 420 కాల్షియంలో 20 అంటే టెస్ట్ కిట్ తప్పులో కలిసిపోయేంత. అందుకే కాల్షియం నెలకోసారి కొలిచినా ఆల్క్ మాత్రం తరచుగా, రోజూ ఒకే టైంకి కొలవాలి. రోజుకి 1 డికెహెచ్ వాడుతున్న ట్యాంక్ ఉన్నట్టుండి సగమే వాడుతోందంటే కోరల్స్ పెరగడం ఆపేశాయన్నమాట, రంగులో ఇంకా ఏమీ తేడా ఉండదు, పాలిప్స్ కూడా వచ్చే ఉండొచ్చు. ఇక్కడే అసలు ప్రమాదం, డోసింగ్ పంప్‌కి (ఆల్క్ ద్రావణం దానంతటదే పోసే పంప్) ఇదంతా తెలీదు కదా, అది రోజూ పోసేంత పోస్తూనే ఉంటుంది, వాడేవాళ్ళు లేక ఆల్క్ 8 నుంచి 9కి, 9 నుంచి 10కి ఎక్కుతుంది, ముందే నీరసంగా ఉన్న కోరల్‌కి ఆ పెరుగుదల రెండో దెబ్బ. అప్పుడు మనం ఆల్క్ ఎక్కువై కోరల్ పోయింది అంటాం, నిజానికి కోరల్ ముందే నలతగా ఉంది, ఆల్క్ పెరగడం దాని ఫలితం. ఏ నంబర్ దగ్గర పెట్టారు అన్నదానికంటే 7 నుంచి 9 మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా పెట్టడం ముఖ్యం, రోజులో అర డికెహెచ్ మించి ఊగకుండా చూస్కోండి.

నంబర్లని నమ్మేముందు పరికరాల్ని కూడా ఒకసారి చూడాలి. రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పదనం కొలిచే పరికరం) ఉత్త ఆర్వో నీళ్ళతో సున్నాకి సెట్ చేస్తే 35 దగ్గర తప్పు చూపించొచ్చు, 35 పిపిటి స్టాండర్డ్ ద్రావణంతోనే సెట్ చేయండి. కిట్ రీజెంట్ డేట్ చూడండి. ఆర్వో డీఐ (ఫిల్టర్ చేసి లవణాలన్నీ తీసేసిన) నీళ్ళ టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా వస్తోందా చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా అన్ని రకాల కోరల్స్ ఒకేసారి ముడుచుకుంటే సంప్‌లో (ట్యాంక్ కింద పరికరాలు పెట్టే తొట్టి) తుప్పు పట్టిన అయస్కాంతమో స్క్రూనో ఉందేమో వెతకండి, అప్పుడు ఐసీపీ టెస్ట్‌కి (నీళ్ళలో లోహాలు, మూలకాలు ల్యాబ్‌లో కొలిచే పరీక్ష) పంపడం దండగ కాదు.

ఒక్క కోరల్ మాత్రమే బాగోలేక పక్కవన్నీ బాగుంటే నీళ్ళని వదిలేయండి, పురుగుల్ని, పొరుగు కోరల్స్‌నీ చూడండి. ఆక్రోపోరా మీద గుండ్రంగా చిన్న చిన్న పాలిపోయిన మచ్చలుంటే ఫ్లాట్‌వర్మ్స్ కొరికిన గుర్తులు కావొచ్చు, అవి కోరల్ రంగులోనే కలిసిపోయి కనబడవు, పిప్పెట్‌తో నీళ్ళు జోరుగా కొడితే ఊడి తేలతాయి. డిప్ చేస్తే (మందు కలిపిన నీళ్ళలో కాసేపు ముంచితే) పురుగులు చస్తాయి గానీ గుడ్లు చావవు, గుడ్లు కొమ్మ మొదలు దగ్గర చచ్చిన స్కెలిటన్ మీద గోధుమ చుక్కల్లా అంటుకుని ఉంటాయి, అవి గీకేసి వారానికోసారి మళ్ళీ మళ్ళీ డిప్ చేయాల్సిందే. మాంటిపోరా (ఇంకో రకం ఎస్పీఎస్) అయితే అంచుల కింద తెల్లటి న్యూడిబ్రాంక్స్ (కోరల్‌ని తినే చిన్న సముద్రపు స్లగ్స్) కోసం రాత్రిపూట టార్చ్ వేసి చూడండి. గాలక్సియా, యూఫిలియా అనే ఎల్పీఎస్ రకాలు రాత్రి పొడుగాటి స్వీపర్ టెంటకిల్స్ చాచి పక్కదాన్ని కాలుస్తాయి, పగలు చూస్తే ఏమీ తెలీదు. లెదర్ కోరల్స్ (తోలులా మెత్తగా ఉండే కోరల్స్) నీళ్ళలోకి వదిలే రసాయనాలకి ఎస్పీఎస్ ముడుచుకుంటాయి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

చివరగా లైటు కింద చూసే పద్ధతి. ఫుల్ బ్లూ లైటులో బ్రౌన్ అయిన కోరల్ కూడా ఆకుపచ్చగా మెరుస్తుంది, పాలిపోయింది కూడా ఘనంగానే ఉంటుంది, ఆ లైటులో రోగం కనిపెట్టలేం. వారానికోసారి వైట్ పెంచి, ఒకే సెట్టింగ్‌లో, ఒకే కోణంలో ఫోటో తీసి పెట్టుకోండి. ఏదైనా మార్చితే ఒక్కటే మార్చండి, మార్చాక కనీసం రెండు మూడు వారాలు ఇంకేమీ ముట్టుకోకండి, రంగు తిరిగి రావడానికి నెలలు కూడా పడుతుంది. ఆ ఫోటోల్లో పాత కొమ్మల్ని కాదు, మాంటిపోరా అంచుల్ని, ఆక్రోపోరా కొనల్ని జూమ్ చేసి చూడండి, కొత్తగా పుట్టిన టిష్యూలో రంగు సరిగ్గా వస్తుంటే చేసిన మార్పు పనిచేస్తున్నట్టే, పాత కొమ్మలు ఇంకా బ్రౌన్‌గా ఉన్నా సరే.