రాత్రి రెండో ఫీడర్ ఎందుకు రాలేదు

గాలివాన కొట్టిన తెల్లారి ఆరు కూడా కాలేదు, ఫోన్ మోగింది. మడికొండ అవతల ఒక ఫ్యాక్టరీ, దాని మేనేజర్.

"సార్, మీ ఆటో ఎందుకు పనికొస్తది? రాత్రి ఒంటిగంటకు ఒక సైడు కరెంటు పోయింది. రెండో ఫీడర్ల సప్లై మంచిగనే ఉంది. మీ ప్యానెల్ మాత్రం సూసుకుంట నిలవడ్డది."

ఆటో అంటే, ఒక ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే కరెంటు లైను) పోతే తనంతట తానే రెండోదానికి మార్చే ఏర్పాటు. పొద్దున్నే తిట్లు పడటం నాకు కొత్త కాదు. ఇరవై ఏళ్లకు పైగా రిలే టెస్టింగే నా పని. రిలే అంటే వోల్టేజీ, కరెంటు చూస్తూ బ్రేకర్‌ను (పెద్ద స్విచ్చును) ఆపమని, అంటే ట్రిప్ చేయమని చెప్పే పరికరం. బ్రేకర్ ట్రిప్ అయితే ఎందుకు అయిందంటారు, కాకపోతే ఎందుకు కాలేదంటారు. చాయ్ కూడా తాగకుండా టెస్ట్ కిట్టు బండికి కట్టుకుని హన్మకొండ నుంచి బయల్దేరాను. కాజీపేట దాకా రోడ్డు నిండా వేప కొమ్మలే.

అక్కడున్న ఏర్పాటు ఇది. 11 కేవీ ప్యానెల్‌కు రెండు ఇన్‌కమర్లు (కరెంటు లోపలికొచ్చే బ్రేకర్లు), రెండు సబ్‌స్టేషన్ల నుంచి వచ్చిన రెండు ఫీడర్లు. బస్‌ను, అంటే కరెంటు పంచే లోహపు పట్టీలను, మధ్యలో రెండు ముక్కలు చేసి నడుమ కప్లర్ బ్రేకర్ పెట్టారు. మామూలు రోజుల్లో కప్లర్ ఓపెన్‌లోనే (కరెంటు పారకుండా) ఉంటుంది, ఎవరి సగం వాళ్లు మోస్తారు. ఒకవైపు సప్లై పోతే ఆ ఇన్‌కమర్ ఓపెన్ అయి, కప్లర్ క్లోజ్ అయి, మొత్తం బరువు రెండో ఫీడర్ మీద పడుతుంది. మూడు బ్రేకర్లు మాత్రం ఎప్పుడూ ఒకేసారి క్లోజ్‌లో ఉండకూడదు. ఉంటే రెండు సబ్‌స్టేషన్లు మన ప్యానెల్లో కలిసిపోతాయి, షార్టు పడితే వచ్చే కరెంటు ప్యానెల్ తట్టుకునేదానికి మించిపోవచ్చు. అంతకన్నా ఘోరం, పోయిన లైను మీద ఎల్‌సీ (లైన్ క్లియర్, లైను ఆపి పని చేసుకునే అనుమతి) తీసుకుని పోల్ ఎక్కినవాడికి మన వైపు నుంచి కరెంటు ఎదురెళ్తుంది. అందుకే ఆ అడ్డం వైరింగులోనూ పెడతాం, రిలే లాజిక్‌లోనూ పెడతాం.

(రెండు సబ్‌స్టేషన్లు అన్నాను గానీ, రెండింటికీ వచ్చే 33 కేవీ లైను ఒకటే. అది పోతే రెండు ఫీడర్లూ కలిసే పోతాయి. కట్టేటప్పుడే చెప్పాను, ఎవరూ వినలేదు.)

సప్లై పోయిందని ఎట్లా తెలుస్తుంది? పీటీ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను 110కి దించి రిలేకు చూపిస్తుంది. అది 77 కిందికి పడి 2 సెకన్లు అక్కడే ఉంటే పోయినట్టు లెక్క. ఆ 2 సెకన్లు ఎందుకంటే, పక్క ఫీడర్ మీద ఎక్కడో కొమ్మ పడ్డా మన వోల్టేజీ ఒక్క క్షణం కుంగి లేస్తుంది. ప్రతి కుంగుకూ ఉరికితే వానాకాలంలో రోజుకు పదిసార్లు మారాల్సిందే.

తర్వాత మోటార్ల గొడవ. కరెంటు పోగానే అవి ఆగవు. తిరుగుతూనే కాసేపు జనరేటర్లలాగా బస్ మీద వోల్టేజీ నిలబెడతాయి. వేగం తగ్గేకొద్దీ ఆ వోల్టేజీ రెండో ఫీడర్‌తో లయ తప్పుతుంది. సరిగ్గా ఎదురుగా ఉన్న క్షణంలో కప్లర్ క్లోజ్ అయితే, మీదికొస్తున్న ఉయ్యాలను బలంగా నెట్టినట్టే. మోటారు స్టార్టింగు కరెంటును మించి లాగుతుంది, దాన్ని యంత్రానికి కలిపే కప్లింగు బోల్టులు తెగుతాయి. అందుకని మిగిలిన వోల్టేజీ 30 శాతం కిందికి దిగేదాకా ఆగుతాం. రామగుండం లాంటి పెద్ద థర్మల్ స్టేషన్లో ఇంత ఓపిక పడితే ఫ్యాన్లు, పంపులు వేగం తగ్గిపోయి యూనిట్టే ట్రిప్ అవుతుంది. కాబట్టి లయ తప్పకముందే, సెకనులో పదో వంతులో మార్చేస్తారు. మనది అంత పెద్ద కొలువు కాదు.

ఫ్యాక్టరీలో పెద్ద ఎలక్ట్రీషియన్‌ను అందరూ కాకా అంటారు. నేను చేరేసరికి ప్యానెల్ ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రాత్రంతా అక్కడే ఉన్నట్టున్నాడు.

"మేనేజర్ సారు చేత్తోనన్న కప్లర్ ఎయ్యమన్నడు బిడ్డా. నేనెయ్యలే. వెనకకు పోయి సూస్తే కాలిన వాసనొచ్చింది."

రిలేలో ఈవెంట్లు తీశాను. గడియారం 40 నిమిషాలు ముందుంది, అది వేరే సంగతి. వరుస చూస్తేనే సగం కథ తెలిసిపోయింది. సప్లై పోతే మొదట అండర్ వోల్టేజీ రావాలి. ఇక్కడ మొదట ఓవర్ కరెంట్ ఉంది, తర్వాత ఒకటో ఇన్‌కమర్ ట్రిప్, తర్వాత మాస్టర్ ట్రిప్ (ఫాల్టు పడితే మనిషి రీసెట్ చేసేదాకా అడ్డంగా నిలబడే రిలే), ఆ తర్వాతే అండర్ వోల్టేజీ. అంటే బయట నుంచి కరెంటు పోలేదు. లోపల షార్టయింది, మన బ్రేకరే తీసేసింది. యంత్రాల వైపు వెళ్లే ఏ ఔట్‌గోయింగ్ బ్రేకర్ కూడా ట్రిప్ కాలేదు కాబట్టి ఫాల్టు బస్ మీదే ఉండాలి. మాస్టర్ ట్రిప్ పడితే ఆటో కదలకూడదని నేనే పెట్టాను. కప్లర్ క్లోజ్ అయి ఉంటే రెండో ఫీడర్ అదే షార్టు మీదికి వచ్చేది, మిగిలిన సగం కూడా పోయేది.

ఆ సగం తెల్లారేదాకా నడిచింది. దాని గురించి ఎవరూ ఫోన్ చేయరు.

బ్రేకర్ల ట్రాలీలు బయటికి లాగి, ఎర్త్ చేసి, వెనక కవర్లు విప్పాం. చివరి ప్యానెల్ బస్ చాంబర్లో రెండు ఫేజుల మధ్య నల్లగా మాడిన బల్లి. తోక ఒక్కటే పచ్చిగా మిగిలింది. పక్క కవర్‌కు రెండు బోల్టులు లేవు, ఆ సందులోంచే దూరింది. కాకా దాన్ని పాత పేపర్ మీదికి తీసి మేనేజర్ టేబుల్ మీద పెట్టి వచ్చాడు. నేను చెప్పలేదు, ఆయనకే తోచింది.

మసి తుడిచి, ఇన్సులేటర్లు స్పిరిట్‌తో కడిగి, 5 కేవీ మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) పెట్టాం. కడగకముందు 3 మెగోమ్‌లు, కడిగి ఆరాక వెయ్యి దాటింది.

మేనేజర్ వచ్చి బల్లి సంగతి ఎత్తలేదు. "ఆ మాస్టర్ ట్రిప్‌కు ఒక చిన్న వైరు వేసి బైపాస్ చేస్తే ఎప్పుడైనా ఆటో పనిచేస్తది కదా సార్?" అన్నాడు. చేయనన్నాను. "అయితే మీ సిస్టం ఎప్పుడూ తప్పు చెయ్యదంటరు."

చేసింది, నేనే చేయించాను. మొదట్లో ఒకచోట పీటీ ఫ్యూజు ఒకటి పోతే, సప్లై నిక్షేపంగా ఉన్నా పోయిందనుకుని మిట్టమధ్యాహ్నం ఫీడర్ మార్చేసింది. వోల్టేజీ లేకుండా కరెంటు ఎట్లా పారుతుందని రిలేను అడగడం నాకు అప్పటికి తట్టలేదు. అప్పటి నుంచి కరెంటు పారుతూ వోల్టేజీ మాత్రమే మాయమైతే అది ఫ్యూజు అని రాస్తున్నాను. ఆ సంగతి కూడా మేనేజర్‌కు చెప్పాను. ఆయనకు నచ్చినట్టు లేదు.

మధ్యాహ్నం రెండున్నరకు మాస్టర్ ట్రిప్ రీసెట్ చేసి, కాకాను అడిగి ఒకటో ఇన్‌కమర్ క్లోజ్ చేశాం. ఠప్‌మని పడింది, వెనకే స్ప్రింగ్ మోటారు గిర్రున తిరిగి ఛార్జ్ చేసుకుంది. బోల్టులు కాజీపేటలో కొన్నాను. రెండు పెట్టి, రెండు కాకా డబ్బాలో వేసి, వాటి డబ్బులు బిల్లులో విడిగా రాశాను.