ఆకు ఎప్పుడు పండాలి?

ఆకు పండడాన్ని మొక్క సత్తువ ఉడిగిపోవడంగానే చాలామంది భావిస్తారు. నాకు మాత్రం మొక్క చేసే పనులన్నింటిలోనూ ఇంత పద్ధతిగా సాగేది మరొకటి కనిపించదు. ఆకులోని నత్రజనిలో 75 శాతం దాకా హరితరేణువుల్లోనే ఉంటుంది కనుక, ఆకు రాలేలోగా అక్కడి ప్రోటీన్లను విడగొట్టి గింజలకూ లేత చిగుళ్లకూ చేరవేయాలి. పండుతున్న ఆకును వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి: పసుపు అంచుల నుంచి లోపలికి పాకుతుంటే, ఈనెల వెంబడి పచ్చదనం చివరిదాకా నిలిచి ఉంటుంది. పోషకాలు బయటికి వెళ్లవలసిన దారి అదే మరి.

ఈ సమయాన్ని నిర్ణయించే యంత్రాంగంలో కీలకమైన ఒక భాగాన్ని దక్షిణ కొరియా శాస్త్రవేత్తలు 2009లో ప్రయోగాలకు విరివిగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో వివరించారు. ఆకును పండించే ఓఆర్‌ఈ1 అనే జన్యువు పంపే సందేశాన్ని, లేత ఆకులో జన్యు సందేశాలను అణిచివేసే చిన్న అణువు మైక్రో ఆర్‌ఎన్‌ఏ 164 ఎప్పటికప్పుడు తుంచేస్తూ ఉంటుంది. ఆకు ముదిరేకొద్దీ, ఆకును పండించే హార్మోను ఇథిలీన్ సంకేతాన్ని కణం లోపలికి అందించే ఈఐఎన్2 అనే ప్రోటీన్ ప్రభావంతో ఆ మైక్రో ఆర్‌ఎన్‌ఏ తగ్గిపోతుంది. అడ్డు తొలగిన ఓఆర్‌ఈ1 విజృంభిస్తుంది. ఇథిలీన్ తగిలినా మరీ లేత ఆకు పండదు, ఈడు వచ్చిన ఆకే పండుతుంది.

ఆకును పచ్చగా నిలిపే హార్మోను సైటోకైనిన్ దీనికి ఎదురు పనిచేస్తుంది. 1995లో గాన్, అమాసినో అనే శాస్త్రవేత్తలు, ఆకు పండడం మొదలైనప్పుడే సైటోకైనిన్ తయారయ్యేలా పొగాకు మొక్కలో జన్యువును అమర్చారు. ఆకు పచ్చబడగానే ఆ తయారీ దానంతటదే ఆగిపోతుంది. అంత అందమైన ప్రయోగం అరుదు.

అయితే పచ్చదనం ఎంతకాలం నిలిస్తే అంత లాభమన్న మాటను నేను ఒప్పుకోను. గోధుమలో ఆకు పండడాన్ని వేగిరపరిచే ఎన్‌ఏఎం కుటుంబపు జన్యువుల పనిని తగ్గించినప్పుడు ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండాయి, కానీ గింజలో ప్రోటీన్, జింకు, ఇనుము 30 శాతానికి మించి తగ్గాయని 2006లో తేలింది. జొన్న సంగతి వేరు. ఇథియోపియా జొన్నల నుంచి వచ్చిన బి35 రకంలోని, ఆకును పచ్చగా నిలిపే జన్యుభాగాలు పూతకు ముందు ఆకుల విస్తీర్ణాన్ని అదుపులో ఉంచి నేలలోని నీటిని మిగులుస్తాయి. గింజ పాలు పోసుకునే వేళకు ఆ నీరే అక్కరకొస్తుంది. నల్లరేగడిలో మిగిలిన తేమ మీదే పండే రబీ జొన్నకు కావలసిన గుణం ఇదే. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో ఈ భాగాలను సాగు రకాల్లోకి చేర్చే పని జరిగింది.