స్టెరాయిడ్లు మానేశాక పదకొండు నెలలు

ఇంజెక్షన్లు ఆపేసిన ఆరో వారంలో నాకు మంచం మీంచి లేవబుద్ధి కాలేదు. అంతకు ముందు ఏడాదిలో రెండు సైకిళ్లు చేశాను, అంటే కొన్ని వారాల పాటు వరసగా స్టెరాయిడ్లు వాడటం. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, వాటితో పాటు కండలు పెంచే స్టానొజొలాల్ మాత్రలు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పరుగు వీరుడు బెన్ జాన్సన్‌ను డోపింగ్ పరీక్షలో పట్టించిన మందు ఆ స్టానొజొలాలేనని తెలుసు, తెలిసే మింగాను. భుజాలు పెరిగాయి, ఎత్తే బరువులూ పెరిగాయి. పని చేస్తాయి కాబట్టే వదలడం అంత కష్టం.

మాన్పించింది ఎడమ చనుమొన కింద వచ్చిన చిన్న గడ్డ. చొక్కా తగిలినా నొప్పి. ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఒళ్లు ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, మగవాళ్లకు రొమ్ము పెరిగేది అందుకే. దానికి ఇంకో మాత్ర ఉందిలే అన్నాడు జిమ్ కోచ్. నాకు భయమేసి అన్నీ ఒక్కసారే ఆపేశాను.

ఆ తర్వాత చేసిన తప్పు ఇంకా పెద్దది. మొదట చూపించుకున్న డాక్టరుకు స్టెరాయిడ్ల సంగతి చెప్పలేదు. నీరసం, నిద్ర పట్టట్లేదు, ఊరికే ఏడుపొస్తోంది అన్నానంతే. ఆయన థైరాయిడ్, విటమిన్లు చూశారు, బాగానే ఉన్నాయి. మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ మాత్రం 24 ఉంది, అది ఎందుకు పడిపోయిందో నాకు తెలుసు, ఆయనకు తెలియదు. నేను నోరు విప్పనందుకు రెండు నెలలు అలాగే పోయాయి.

చివరికి హార్మోన్ల డాక్టర్, అదే ఎండోక్రినాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ పాత రిపోర్టు చూసి, "ఏం వాడారు, చివరి ఇంజెక్షన్ ఎప్పుడు? తిట్టడానికి అడగట్లేదు" అన్నారు. అన్నీ చెప్పేశాను. టెస్టోస్టిరాన్ 96 వచ్చింది, కనీసం 300 దాకా ఉండాలట. వృషణాలను పని చేయించడానికి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్లు దాదాపు సున్నా. బయటి నుంచి హార్మోన్ వస్తూ ఉంటే మెదడు ఇక అవసరం లేదనుకుని పిట్యూటరీ గ్రంథిని ఆపేస్తుంది, అక్కణ్నుంచి కబురు అందక వృషణాలు పని మానేసి చిన్నవైపోతాయి, సూది ఆపగానే అవి తిరిగి మొదలుపెట్టవు, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. వీర్య పరీక్షలో ఒక్క కణమూ లేదు. ఆ కాగితం మా ఆవిడకు చూపించడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఇదే టెస్టోస్టిరాన్ వృషణాలు పని చేయని వాళ్లకు, యవ్వనం బాగా ఆలస్యమైన అబ్బాయిలకు, హెచ్‌ఐవీతో కండ కరిగిపోయిన వాళ్లకు నిజంగా మేలు చేస్తుందని, మోతాదు దాటకుండా రక్తపరీక్షలతో చూసుకుంటూ ఇస్తారని డాక్టర్ గారు చెప్పారు. ఇక్కడే ఒక మాట. ఉబ్బసానికి ఇచ్చే ప్రెడ్నిసొలోన్ కూడా స్టెరాయిడే కానీ పూర్తిగా వేరే రకం, నా కథ చదివి దాన్ని దయచేసి మీ అంతట మీరు ఆపకండి, ఉన్నట్టుండి ఆపితే ప్రమాదం.

పిట్యూటరీని లేపడానికి కొన్ని వారాలు మాత్రలు ఇచ్చారు. పేరు రాయను, జిమ్‌లలో దాన్ని కూడా సొంత వైద్యానికి వాడుతున్నారు. మిగతాదంతా ఎదురుచూడటమే. ఒక్క సూది వేసుకుంటే రెండు మూడు వారాల్లో మామూలైపోతాను కదా అని రాత్రుళ్లు ఎన్నిసార్లు అనిపించిందో. వేసుకుంటే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ఆ టెన్షన్‌లో ఫోన్లోంచి కోచ్ నంబరు తీసేశాను, వేరే జిమ్‌కు మారాను.

టెస్టోస్టిరాన్ ఎనిమిదో నెలలో 270, పదకొండో నెలలో 380. వీర్యకణాలు కనిపిస్తున్నాయి, ఇంకా తక్కువే. ఒక కణం తయారవడానికే రెండున్నర నెలలు పడుతుందట. గుండె స్కాన్ ఎకోలో గుండె గోడ కొంచెం మందంగా ఉంది, ఆరు నెలలకు మళ్లీ చూస్తామన్నారు. గడ్డ మాత్రం తగ్గలేదు. గట్టిపడ్డాక మందులకు కరగదట, వచ్చే నెల ఆపరేషన్.