గెట్ఎలిమెంట్స్‌కీ క్వెరీసెలెక్టర్ఆల్‌కీ తేడా నాకెలా అర్థమైందంటే

ఆఫీసులో ఒక పాత వెబ్ పేజీ జావాస్క్రిప్ట్ కోడ్ నా చేతికొచ్చింది, చూస్తే ఒకే పనికి, అంటే పేజీలోని ఎలిమెంట్లని (ట్యాగులతో పెట్టిన భాగాలని) వెతికి పట్టుకోడానికి, ఒకచోట గెట్ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్ (క్లాస్ పేరుతో వెతికేది), ఇంకోచోట క్వెరీసెలెక్టర్ఆల్ (సీఎస్ఎస్ సెలెక్టర్‌తో వెతికేది), మరోచోట జేక్వెరీ లైబ్రరీలోని డాలర్ ఫంక్షన్. 2006లో జేక్వెరీ వచ్చేనాటికి బ్రౌజర్లలో క్వెరీసెలెక్టర్ లేనేలేదు కాబట్టి ఎవరి కాలంలో ఉన్నది వాళ్ళు వాడుకుంటూ పోయారు. అన్నీ ఎలిమెంట్లనే కదా తెచ్చిచ్చేది అంటారు గానీ, తేడా తేల్చుకోకుండా ఆ కోడ్ ముట్టుకోబుద్ధి కాలేదు నాకు.

అందుకే ఖాళీ పేజీలో నాలుగు లిస్ట్ ఐటమ్స్ పెట్టా, ఏ బి సి డి, నాలుగింటికీ "కొత్త" అనే క్లాస్ (క్లాస్ పేరు తెలుగులో ఉన్నా బ్రౌజర్‌కి ఇబ్బందేం లేదు). గెట్ఎలిమెంట్స్‌బైక్లాస్‌నేమ్‌తో పట్టుకుని, సున్నా నుంచి లెంగ్త్ దాకా మామూలు ఫర్ లూప్‌లో ఆ క్లాస్ తీసేస్తూ పోతే ఏ, సి లకి మాత్రమే పోయింది, బి, డి అలాగే ఉన్నాయి! అది ఇచ్చే హెచ్‌టీఎంఎల్‌కలెక్షన్ అనే లిస్ట్ లైవ్, అంటే పేజీ మారితే తనూ మారుతుందన్నమాట, ఏ కి క్లాస్ తీయగానే అది లిస్ట్‌లోంచి పోయి, రేషన్ షాపు క్యూలోలా వెనకున్న బి సున్నా స్థానంలోకి జరుగుతుంది, లూప్ మాత్రం ఒకటికి వెళ్ళిపోతుంది, అక్కడ సి ఉంటుంది, ఈలోపు లెంగ్త్ కూడా రెండుకి పడిపోయి లూప్ ఆగిపోతుంది. కన్సోల్‌లో ప్రతి అడుగూ ప్రింట్ చేసుకుని చూశాక ఎంత తృప్తిగా అనిపించిందో.

అదే లూప్ క్వెరీసెలెక్టర్ఆల్‌తో నడిపితే నాలుగూ పోయాయి, ఎందుకంటే అది ఇచ్చే నోడ్‌లిస్ట్ ఆ తర్వాత మారదు. జేక్వెరీ డాలర్‌దీ అంతే. లిస్ట్‌లో ఒక్కోదాని మీదా పని చేయించే ఫర్‌ఈచ్ కూడా నోడ్‌లిస్ట్‌కి నేరుగా ఉంది, హెచ్‌టీఎంఎల్‌కలెక్షన్‌కి లేదు, దాన్ని ముందు అర్రే.ఫ్రమ్‌తో అర్రే చేసుకోవాలి, లేదా లూప్‌ని చివర్నుంచి మొదటికి తిప్పినా సరిపోతుంది.

ఐడీల దగ్గర ఇంకో తిరకాసు ఉంది, ఐడీ అంకెతో మొదలైతే, అంటే "2024" లాంటిదైతే, గెట్ఎలిమెంట్‌బైఐడీ చక్కగా తెచ్చిస్తుంది, క్వెరీసెలెక్టర్‌కి అదే ఐడీ ముందు హ్యాష్ (#) తగిలించి ఇస్తే సింటాక్స్ ఎర్రర్ కొడుతుంది, సీఎస్ఎస్‌లో ఐడీ సెలెక్టర్ అంకెతో మొదలవ్వకూడదు కాబట్టి. ఐడీని సెలెక్టర్‌కి పనికొచ్చేలా మార్చే సీఎస్ఎస్.ఎస్కేప్ గుండా పంపితే ఒప్పుకుంటుంది. మా పేజీలో ఐడీలన్నీ సర్వర్ నుంచి అంకెలతోనే వస్తాయి, అందుకే వాటికి గెట్ఎలిమెంట్‌బైఐడీనే ఉంచేసి మిగతావన్నీ క్వెరీసెలెక్టర్ఆల్‌కి మార్చేశా.