రోసాలెస్‌కు దారి: మన సిలబస్‌లో లేని ఫిలిప్పీన్స్ కథలు

మన ఎం.ఏ. ఇంగ్లిష్ బ్యాచ్‌లకు కామన్వెల్త్ సాహిత్యం పేపర్లో ఆఫ్రికా రచయితలు అచెబె, గూగీ దొరికారు గానీ ఫిలిప్పీన్స్ నుంచి ఒక్కరూ రాలేదు. ఆ దేశం బ్రిటన్ వలస కాదు మరి. 1898 డిసెంబరులో స్పెయిన్ దాన్ని పారిస్ ఒప్పందం కింద 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పజెప్పింది. 1901 ఆగస్టులో ‘థామస్’ ఓడలో దాదాపు 500 మంది అమెరికన్ టీచర్లు మనీలాలో దిగారు, బడిభాష ఇంగ్లిషైంది. ఇరవై ఏళ్లకల్లా ఇంగ్లిషులో నవల వచ్చేసింది. డిపార్టుమెంటులో ఇప్పుడు ఈ సాహిత్యం మీద పరిశోధనకు దిగాలనుకునే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు.

ముందు సిద్ధాంత గ్రంథాలు పక్కనపెట్టి కళ్ళం దగ్గర లెక్క నేర్చుకోండి. అక్కడి పాత ధాన్యం కొలత కవాన్, అంటే 75 లీటర్లు. కౌలురైతు తిండిగింజలు అప్పు తెస్తే ‘తకిపాన్’ పద్ధతిలో ఒకటికి రెండు, ‘తలిందువా’లో రెండుకు మూడు తిరిగి కొలవాల్సి వచ్చేది. ఈ రెండోది మన తెలంగాణ నాగువడ్డీకి తోబుట్టువే. అరవై కవాన్లు పండాయనుకోండి. సగం దొరకు పోగా ముప్పై. తకిపాన్ మీద తెచ్చిన పదికి ఇరవై కొలిస్తే ఏడాదికి మిగిలేది పదే, అందులోంచే మళ్లీ విత్తనాలు తీయాలి. ఈ లెక్క మనసులో పెట్టుకుని మాన్యుయెల్ అర్గిలా కథ ‘రైస్’ చదవండి. కథ ఖాళీ ఈడ్పుబండి నుంచి గేదెను విప్పడంతో మొదలవుతుంది. గింజల కోసం హాసియెండాకు, అంటే దొర ఎస్టేటుకు, పోయిన పాబ్లో ఉత్త చేతులతో వచ్చాడని రచయిత వేరే చెప్పనక్కర్లేదు. దొర పొలంలో నత్తలు ఏరుకున్నా జరిమానాయే. ఆ తర్వాత మగవాళ్లు కత్తులు పట్టుకుని బయల్దేరితే మనకు ఆశ్చర్యం వేయదు.

కార్లోస్ బులోసాన్ ‘అమెరికా ఈజ్ ఇన్ ది హార్ట్’ (1946) విషయంలో చాలామంది బోల్తాపడతారు. దాన్ని అచ్చమైన ఆత్మకథగా తీసుకుంటారు. అందులో టయుగ్ రైతుల తిరుగుబాటును కళ్లారా చూసినట్టు రాశాడు. ఆ తిరుగుబాటు 1931 జనవరిలో జరిగింది, బులోసాన్ 1930లోనే అమెరికాలోని సియాటిల్ చేరాడు. కనుక నవల అనుకునే చదవాలి. నా మట్టుకు అమెరికా భాగం కన్నా అతని సొంత రాష్ట్రం పంగసినాన్ భాగమే గొప్పది. అన్న మకారియో చదువు కోసం తండ్రి పొలాన్ని ముక్కముక్కగా పోగొట్టుకుంటాడు. అమెరికా వాడు పెట్టిన ‘ఉచిత’ బడికి ఖరీదు ఎవరు కట్టారో ఆ పేజీల్లో ఉంది.

ఇక ఎఫ్. సియోనిల్ జోసె. పంగసినాన్‌లోని తన ఊరు రోసాలెస్ పేరు మీద అతను రాసిన నవలలు ఐదు. అచ్చైన వరస ఒకటి, కథ నడిచే వరస మరొకటి. కథాక్రమంలో ‘పోఓన్’, ‘ట్రీ’, ‘మై బ్రదర్, మై ఎగ్జిక్యూషనర్’, ‘ది ప్రిటెండర్స్’, ‘మాస్’. స్పెయిన్ పాలన చివరి రోజుల్లో మొదలయ్యే ‘పోఓన్’ అచ్చయింది అన్నిటికన్నా ఆఖరున, 1984లో, నియంత మార్కోస్ ఇంకా గద్దె మీద ఉండగా. దాన్ని ఆ కాలపు పుస్తకంగా కూడా చూడాలి. కొనేటప్పుడు ఇంకో చిక్కుంది: అమెరికా ముద్రణలో ‘పోఓన్’ పేరు ‘డస్క్’, తర్వాతి రెండూ కలిపి ‘డాన్ విసెంటె’, చివరి రెండూ కలిపి ‘ది శాంసన్స్’. తెలియక ఒకే నవలను రెండుసార్లు కొంటారు.

మొదలుపెట్టాల్సింది మాత్రం ‘ది ప్రిటెండర్స్’ (1962)తో. కౌలు కుటుంబంలో పుట్టిన టోనీ శాంసన్ హార్వర్డ్‌లో డాక్టరేట్ చేసి ధనవంతుల అల్లుడవుతాడు. తెల్లవాడు పోయాక కుర్చీలో కూర్చున్నది ఎవరో ఆ ఇంట్లో కనిపిస్తుంది. వలసవాదం అనగానే పరాయి పాలకుడినే వెతికేవాళ్లకు ఇక్కడ చుక్కెదురు. ‘మై బ్రదర్, మై ఎగ్జిక్యూషనర్’లోనూ అంతే: రోసాలెస్ భూముల దొర డాన్ విసెంటె ఆ దేశంవాడే, అతని అక్రమ సంతానం లూయిస్ ఒక వైపు, లూయిస్ సవతి తమ్ముడు విక్టర్ తిరగబడ్డ రైతుల ‘హుక్’ గెరిల్లాల వైపు. హుక్‌ల పోరు, మన తెలంగాణ సాయుధ పోరాటం ఇంచుమించు ఒకే కాలంలో నడిచాయి. పోలిక పెట్టేవాళ్లు ఒకటి గమనించాలి: మనవాళ్లు పోరాట నవలను తెలుగులోనే రాసుకున్నారు, జోసె పాత్రలైన కౌలురైతులు మాట్లాడేది ఇలోకానో అనే స్థానిక భాష. తమ మీద వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాన్ని వాళ్లలో ఎందరు చదవగలరు? థీసిస్‌లో ఈ ప్రశ్నకు ఒక అధ్యాయం పెట్టండి. పక్కన అక్కడి మరో భాష టాగలోగ్‌లో వచ్చిన నవలలు కొన్ని అనువాదంలోనైనా చదవండి. హోసె రిజాల్ ‘నోలి మె తాంజెరె’ను మాత్రం ఇంగ్లిష్ రచనల జాబితాలో చేర్చకండి. అది 1887లో స్పానిష్‌లో వచ్చిన నవల, వైవాలో మొదట పట్టుకునేది దాన్నే.