ప్రీపెయిడ్ సిమ్‌తో లద్దాఖ్ వెళ్లి నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రి తొమ్మిదింటికి నా ఫోన్‌కి ఓటీపీ వచ్చింది. ముప్పై ఆరు రోజుల తర్వాత వచ్చిన మొదటి ఓటీపీ. ఆ ఆరంకెలూ మూడుసార్లు చదువుకున్నాను. నా తర్వాత ఇటు పోస్టింగ్ వచ్చే మన తెలుగు కుర్రాళ్లకీ, ముఖ్యంగా వాళ్ల ఇంట్లో ఆడవాళ్లకీ పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నేను ఆర్మీలో మేజర్‌ని. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం లద్దాఖ్‌లో ఉన్నాను. అంతకుమించి ఎక్కడని చెప్పను, చెప్పకూడదు.

జమ్మూ కశ్మీర్‌లోనూ లద్దాఖ్‌లోనూ బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు. భద్రత కోసం పెట్టిన నియమం అది. పోస్ట్‌పెయిడ్ అయితే పనిచేస్తుంది. ఈ సంగతి తెలుసు కాబట్టే సెలవులో ఉన్నప్పుడే మా దగ్గర్లోని టౌన్‌లో కంపెనీ స్టోర్‌కి వెళ్లి ఫారం నింపి, వేలిముద్ర వేసి, అడిగిన డబ్బు కట్టాను. "రెండ్రోజుల్లో అయిపోద్ది సార్, మీరు వెళ్లిపోండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. రసీదు అడిగితే మెసేజ్ వస్తుందన్నాడు. మెసేజ్ రాలేదు. నేను బయల్దేరే హడావుడిలో పడి మళ్లీ అడగలేదు.

చండీగఢ్ దాకా రైలు, అక్కడి నుంచి వైమానిక దళం విమానం. లేహ్‌లో దిగేసరికి ఫోన్‌లో సిగ్నల్ లేదు. లేహ్ పదకొండున్నర వేల అడుగుల ఎత్తు. దిగిన ఎవరికైనా మొదటి ఆరు రోజులు గాలికి అలవాటు పడటమే డ్యూటీ. అందులో రెండు రోజులు పూర్తిగా పడుకోవాల్సిందే. ఆ ఆరు రోజులూ నాకు సిమ్ గొడవతోనే సరిపోయాయి.

ఇంటికి మాట్లాడటానికి ఇబ్బంది లేదు, పక్క మంచం కెప్టెన్ తన ఫోన్ ఇచ్చేవాడు. అతని ఫోన్ నుంచే కస్టమర్ కేర్‌కి చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకమ్మాయి పలికి, "మీ రిజిస్టర్డ్ నంబర్ నుంచి కాల్ చేయండి" అంది. ఆ నంబరే పనిచేయడం లేదమ్మా అని చెబితే, "అయితే ఆ నంబర్‌కి ఓటీపీ పంపిస్తాను, చెప్పండి" అంది. ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి మారడానికి మళ్లీ కాగితాలు అక్కర్లేకుండా ఓటీపీతో చేసుకోవచ్చని టెలికాం శాఖ 2021 సెప్టెంబరులోనే ఆదేశాలిచ్చింది. మంచి పని. కానీ ఆ ఓటీపీ నా ఫోన్‌కి రావాలంటే నంబరు పోస్ట్‌పెయిడ్ అయ్యుండాలి. పోస్ట్‌పెయిడ్ కావాలంటే ఓటీపీ రావాలి. నూట ఇరవై మందిని నడిపించే మనిషిని, ఈ ముడి విప్పలేక మంచం మీద కూర్చుండిపోయాను.

తొమ్మిదో రోజున నాన్నగారు పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టాలి. డబ్బంతా నా ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో ఉంది. ఓటీపీ లేనిదే పైసా కదలదు. "మీరు కంగారు పడకండి, నేను చూసుకుంటాను" అంది మా ఆవిడ. ఎలా చూసుకుంటుందని నేను గట్టిగా అడగలేదు. తెల్లారితే పైకి వెళ్లాలి.

పైన పోస్టులో సెల్ టవర్ లేదు, శాటిలైట్ ఫోనే దిక్కు. ఒకప్పుడు నిమిషానికి ఐదు రూపాయలుండేది, 2017 దీపావళికి రూపాయి చేశారు. అంతకంటే పెద్ద మేలు జవానుకి ఇంకోటి లేదు. ఆఫీసర్‌ని కదా అని ముందు మాట్లాడేయడం మాలో ఉండదు. డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలోని చెట్‌వుడ్ హాల్లో మేం చదువుకున్నది ముందు దేశం, తర్వాత నీ మనుషులు, ఆఖర్న నువ్వు అని. జవాన్లందరూ అయ్యాక నా వంతు. ఆ ఫోన్లో మాట ఆకాశం దాకా వెళ్లి దిగాలి కాబట్టి ఒక క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది, ఇద్దరి మాటలూ ఢీకొంటాయి. మా నాలుగేళ్ల పాపకి వాళ్లమ్మ ఒక పద్ధతి నేర్పింది. చెప్పాల్సింది చెప్పేసి చివర "ఇక నువ్వు నాన్నా" అనేది. నా సగం నిమిషాలు ఆ మాట కోసమే ఖర్చయ్యాయి.

ఇక సిమ్. సెలవు మీద వెళ్తున్న పలాస జవాను ఒకతన్ని బతిమాలి, కాగితంలో చుట్టి ఇచ్చి పంపాను. రైలు దిగి నేరుగా మా ఇంటికి వెళ్లి "మేడమ్, సాబ్ ఇచ్చారు" అని చేతిలో పెట్టాడట. మా అమ్మ అన్నం పెట్టి పంపింది.

మా ఆవిడ అదే స్టోర్‌కి వెళ్లింది. అదే కుర్రాడు. నేనిచ్చిన ఫారం అసలు కంప్యూటర్‌లోకే ఎక్కలేదని అప్పుడు తేలింది. తప్పు ఒప్పుకోవాల్సింది పోయి, "నంబర్ ఎవరి పేరున ఉందో ఆయనే రావాలి మేడమ్" అన్నాడు. లద్దాఖ్‌లో ఉన్నారంటే, "సెలవు పెట్టి రమ్మనండి" అన్నాడు. లోపలినుంచి మేనేజర్ వచ్చి, "మిలటరీ అని అందరూ చెప్తారు, గుర్తింపు కార్డు జిరాక్స్ తెండి" అన్నాడు. ఆ కార్డు జిరాక్స్ తీయించడానికి వీల్లేదని ఆవిడ చెబితే, "అయితే మీ ఆయన్ని వీడియోలో చూపించండి" అన్నాడు. లైన్లో పది పన్నెండుమంది ఉన్నారు. ఒకడు నవ్వాడు. ఎమ్మెస్సీ చదివిన మనిషి, పాపని ఎత్తుకుని గంటన్నర నిలబడి, మాట్లాడకుండా బయటికొచ్చేసింది. ఇది నాకు వారం తర్వాత చెప్పింది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ప్రాంతంలో మాధవరం అని ఊరుంది, ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లిన ఊరు. అందరూ మిలటరీ మాధవరం అంటారు. ఆ ఊరికి అంత దగ్గర్లో వ్యాపారం చేసుకుంటూ ఒక ఫౌజీ భార్యని అలా నిలబెట్టిన వాళ్లని నేను క్షమించలేను.

ఆవిడ ఇంటికొచ్చి, సిమ్‌ని పాత ఫోన్లో వేసి, ఆ నంబర్ నుంచే కస్టమర్ కేర్‌కి చేసి, నన్ను శాటిలైట్ ఫోన్లో అడిగి పెట్టుకున్న వివరాలన్నీ చెప్పి, 2021 ఆదేశం సంగతీ గుర్తు చేసింది. ఓటీపీ వచ్చింది. పావుగంటలో పని అయిపోయింది. అదే సిమ్‌ని పాప గీసిన బొమ్మ వెనక టేపుతో అతికించి 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాకి స్పీడ్ పోస్ట్ చేసింది. మా చిరునామాలో ఊరి పేరుండదు, నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 56 ఏపీఓ, పిన్ కోడ్ అంతే. తాతగారి కాలం నుంచీ ఆ తపాలా మమ్మల్ని మోసం చేయలేదు.

ఇటు వచ్చేవాళ్లు నెల ముందే నంబరు మార్పించుకోండి. మొదటి బిల్లు కళ్లారా చూసేదాకా ఎవడి మాటా నమ్మొద్దు. బ్యాంకు ఖాతాలో భార్య పేరు కూడా చేర్చండి, ఇది సిమ్ కంటే ముందు చేయాలి. వీడియో కాల్ చేస్తే వెనక గోడ తప్ప ఏమీ కనబడకుండా కూర్చోండి. 2020లో భద్రత కోసం ఎనభై తొమ్మిది యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమని ఆర్మీ చెప్పినప్పుడు కొందరు సణిగారు. నేను ఆ రోజే తీసేశాను.

నిన్న కిందికి దిగొచ్చి సిమ్ వేసి వీడియో కాల్ చేశాను. పాప ఫోన్ లాక్కోబోతుంటే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. చేతికి మట్టిగాజులు తప్ప ఏమీ లేవు. పెళ్లికి వాళ్ల నాన్నగారు చేయించిన నాలుగు బంగారు గాజులూ ఆవిడ ఎప్పుడూ తీయదు. అడిగితే, "బిగుతుగా ఉన్నాయని తీశానండీ" అంది. వెనకనుంచి మా అమ్మ, "తాకట్టులో ఉన్నాయిరా అబ్బాయ్, మీ నాన్న ఆపరేషన్‌కి పెట్టింది" అని చెప్పేసింది.

కాల్ పెట్టేసి బ్యాంకు యాప్ తెరిచాను. ఓటీపీ అప్పుడొచ్చింది. ఇవాళ మధ్యాహ్నం గాజులు విడిపించుకుంది.